అణుశాఖకు ఒక రైల్వే పాఠం

ఢిల్లీ సచివాలయాల వసారాలలో తిరిగేవారికి ఖరగ్‌పూర్ అనగానే గుర్తుకు వచ్చేది అక్కడి ఐ.ఐ.టి. రైలు ప్రయాణికులకు గుర్తుకు వచ్చేది 1,072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం. మొదట గోరఖ్‌పూర్, ఆ తరువాత హుబ్బళ్ళి దాన్ని మించిపోయేవరకు ప్రపంచంలో అదే పెద్దదని పిల్లలు పరీక్షలలో వ్రాసేవారు. తెలుగువారికి మాత్రం ఖరగ్‌పూర్ మరొక విధంగా జ్ఞాపకం రావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాలలో అక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ నిర్మించినప్పుడు, పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి బయలుదేరి వెళ్ళిన వేలాది కుటుంబాల మనవలు, మునిమనవలు నేటికీ ఆ రైల్వే కాలనీలలో తెలుగే మాట్లాడుతున్నారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు రాష్ట్రంలో అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వాలని నిర్ణయించిందంటే అందుకు ముఖ్య కారణం ఈ ఊరే.

అయితే ఈ వారం లేఖకు విషయం భాష కాదు. ఒక లోహం. దాని పేరు యురేనియం.

ఖరగ్‌పూర్‌నుంచి రైలు మార్గాలు రెండుగా చీలుతాయి. ఒకటి దక్షిణంగా బాలాసోర్, కటక్, బరంపురం మీదుగా మన విశాఖపట్నం వైపు వస్తుంది. రెండవది పడమరగా ఝార్‌గ్రామ్, ఘాట్‌శిల మీదుగా టాటానగర్ వైపు పోతుంది. ఆ రెండవ దారిలో, టాటానగర్ ఇంకా కొద్ది దూరం ఉన్నదనగా, రాఖా మైన్స్ అనే చిన్న స్టేషను వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బండ్లలో వెళ్ళేవారు దాని పేరు చదివేలోపలే అది వెనుకబడిపోతుంది. ఆ స్టేషనుకు సమీపంలోనే జాదుగూడ ఉన్నది. స్వతంత్ర భారతదేశం మొట్టమొదట యురేనియం తవ్వి తీసిన గని అది. అక్కడి మిల్లులో తయారైన పసుపుపచ్చని పొడి పీపాలకెక్కి, ఏళ్ళ తరబడి ఈ రైలు మార్గాన్నే అందుకొని, హైదరాబాదులో మౌలాలి వద్ద 1971లో నెలకొల్పిన అణు ఇంధన సముదాయానికి చేరుతూ వచ్చింది. అంటే ఒక రైలు దారి తెలుగు కూలీని బెంగాలుకు తీసుకుపోతే, మరొక దారి సంతాలు కూలీ తవ్విన లోహాన్ని తెలుగు నేలకు తెచ్చిందన్నమాట. ఈ రెండు దారులు కలిసే ఊరిలో నిలబడి చూస్తే, ఢిల్లీలో కనిపించని కొన్ని సంగతులు కనిపిస్తాయి.

మొదట ఆ లోహం సంగతి చెప్పుకోవాలి. క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1789లో దీనిని కనుగొన్నాడు. అంతకు 8 ఏళ్ళ ముందు హెర్షెల్ కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరే దీనికి పెట్టాడు. నూరు సంవత్సరాల పైచిలుకు కాలం దీనివల్ల లోకానికి కలిగిన ప్రయోజనం స్వల్పం. గాజుకు పచ్చదనమూ, పింగాణీకి నారింజ రంగూ పట్టించడానికి వాడేవారు. 1896లో హెన్రీ బెకెరెల్ నల్ల కాగితంలో చుట్టిన ఫోటో పలకపై యురేనియం లవణాన్ని ఉంచి, సూర్యరశ్మి సోకకపోయినా పలక మాడిపోవడం గమనించాడు. అణుధార్మికత అనే గుణం మానవునికి తెలియవచ్చింది ఆనాడే. 1938 డిసెంబరులో హాన్, స్ట్రాస్‌మన్ జరిపిన ప్రయోగం యురేనియం కేంద్రకాన్ని చీల్చవచ్చునని రుజువు చేసింది. ఆ తరువాత ఏడేళ్ళు తిరగకుండానే హిరోషిమా నగరం బూడిద అయింది.

యురేనియం బహు బరువైన లోహం. నీటికి 19 రెట్లు బరువు. సీసం కూడా దాని ముందు తేలిక. ప్రకృతిలో దొరికే యురేనియంలో 99.27 శాతం 238 సంఖ్య గల ఐసోటోపు. దాని అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరాలు, అంటే దాదాపు భూమి వయస్సంత. సులువుగా చీలి శక్తినిచ్చే 235 సంఖ్య ఐసోటోపు నూటికి ముప్పాతిక వంతు కూడా లేదు. అయినా ఆ కొద్దిపాటిలోనే ఉన్నది మహత్తు అంతా. ఒక్క కిలో యురేనియం 235 పూర్తిగా చీలితే వెలువడే వేడి, రెండున్నర వేల టన్నులకు పైబడిన బొగ్గు కాల్చినంత. ఒక గూడ్సు బండి మోయవలసిన బొగ్గును ఒక మనిషి జేబులో పెట్టుకొని పోగలడని చెబితే రైల్వే ఊరి వారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. రియాక్టరులో యురేనియం మండగా పుట్టే ప్లుటోనియం బాంబుకూ పనికివస్తుంది, ఇంధనానికీ పనికివస్తుంది. ఆ రియాక్టర్లలోనే తయారయ్యే కోబాల్టు 60 మన ఆసుపత్రులలో క్యాన్సరు రోగులకు చికిత్స చేస్తున్నది. ఇరిడియం 192 కర్మాగారాలలో అతుకుల లోపాలను పట్టి చూపుతున్నది. ఈ మేళ్ళను కాదనడం కృతఘ్నత అవుతుంది.

కాని ప్రతి మేలుకూ ఒక ఖాతా ఉంటుంది. జాదుగూడ రాతిలో గాని, మన కడప జిల్లా తుమ్మలపల్లె రాతిలో గాని యురేనియం వెయ్యి కిలోలకు అర కిలో అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. ఆ అర కిలోను తీసుకొని, మిగిలిన రాయినంతటినీ మెత్తని బురదగా ఆ ఊళ్ళోనే వదిలివేయాలి. శాస్త్రజ్ఞులందరూ అంగీకరించే విషయం ఏమంటే, ఖనిజంలోని అణుధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే మిగిలిపోతుంది. యురేనియం క్షీణించే క్రమంలో పుట్టిన థోరియం 230, రేడియం 226 మిల్లుకు అక్కరకు రావు; అవి బురదతోనే ఉంటాయి. రేడియం అర్ధాయువు 1,600 సంవత్సరాలు. థోరియం 230 అర్ధాయువు సుమారు 75,000 సంవత్సరాలు. రేడియంనుంచి రాడాన్ వాయువు పుట్టి గాలిలో కలుస్తుంది. యురేనియం వెలువరించే ఆల్ఫా కిరణాలను ఒక కాగితం ముక్క ఆపగలదు, మన చర్మం ఆపగలదు. కాని ధూళి రూపంలో ఊపిరితిత్తులలో చేరినా, నీటి ద్వారా కడుపులో చేరినా ఆపగలిగినది ఏదీ లేదు. దీనికితోడు అది భారలోహం కనుక మూత్రపిండాలకు విషం. కనుకనే తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది.

కరెంటు పట్నానికి పోతుంది. పొడి హైదరాబాదుకు పోతుంది. బురద మాత్రం ఎక్కడికీ పోదు. అణువిద్యుత్తు లెక్కలు వేసే ఢిల్లీ నిపుణుల పట్టికలలో ఈ మూడవ వాక్యానికి తగిన చోటు దొరకడంలేదు.

జాదుగూడలో యురేనియం ఉన్నదని 1951 ప్రాంతంలోనే తెలిసింది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో ఏర్పడింది. అప్పటికది బీహారు, 2000 సంవత్సరంనుంచి ఝార్ఖండ్. సంతాలు, హో గిరిజనుల పొలాల మధ్య బురద చెరువులు వెలిశాయి. 2006 డిసెంబరు 25న ఆ చెరువుకు వ్యర్థాన్ని తీసుకుపోయే గొట్టం పగిలి, గంటల తరబడి బురద వాగులోకి పారింది. గ్రామస్థులు చెబితేగాని సంస్థవారికి తెలియలేదని ఆనాటి వార్తలు. జాదుగూడ చుట్టుపక్కల పుట్టుకతో వచ్చే వైకల్యాలు ఎక్కువగా ఉన్నాయని శాంతి, అభివృద్ధి కోరే భారతీయ వైద్యుల సంఘం తన సర్వే ఆధారంగా ప్రకటించింది. అణుశక్తి శాఖ, యురేనియం కార్పొరేషన్ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. పరిసరాల రేడియేషను హద్దులలోనే ఉన్నదని, జబ్బులకు పేదరికం, పోషకాహార లోపం వంటివి కారణమని వారి వాదం. వారిదే నిజం కావచ్చు. కాని ఆ నిజం చెప్పేవారు గని యజమానులే కావడం, కొలతలు తీసేవారూ, కొలతలపై తీర్పు చెప్పేవారూ ఒకే శాఖ నీడన ఉండడం ఎంతవరకు సబబు?

ఈ ప్రశ్న తుమ్మలపల్లెలోనూ వచ్చింది. పులివెందులకు సమీపాన వేముల మండలంలో 2007 నవంబరులో శంకుస్థాపన జరిగి, 2012లో ప్రారంభమైన ప్రాజెక్టు అది. అక్కడి రాయి సున్నపు జాతిది కనుక జాదుగూడలో వలె ఆమ్లంతో గాక, క్షారంతో యురేనియాన్ని కరగదీస్తారు. నిల్వల విషయంలో దేశంలోనే అగ్రస్థానం దానిదని 2011లో అణుశాఖ పెద్దలు సగర్వంగా ప్రకటించారు. బురద చెరువు కట్టిన కొద్ది సంవత్సరాలకే, బోరు నీళ్ళు పాడైనాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, పశువులకు జబ్బులు వస్తున్నాయని కొట్టాల మొదలైన గ్రామాల రైతులు మొరపెట్టుకున్నారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో సంస్థకు నోటీసు ఇచ్చింది. సంస్థ మాత్రం తమ చెరువువల్ల నీరు కలుషితం కాలేదని వాదించింది. ఈ వాదోపవాదాల మధ్య రైతు తన బోరు నీరు తాగవచ్చునా, కూడదా అన్న సామాన్యమైన ప్రశ్నకు, తాను నమ్మదగిన నోటినుంచి సమాధానం వినలేకపోయాడు.

సరిగ్గా ఇక్కడనే ఖరగ్‌పూర్ మనకు పనికివస్తుంది.

ఆ ఊరిలో, రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక వృద్ధుణ్ణి ఈ విలేఖరి కలుసుకోవడం జరిగింది. తాతగారు శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపునుంచి వచ్చి బి.ఎన్.ఆర్.లో చేరారట. తాను పుట్టింది, పెరిగింది బెంగాలులోనే అయినా మాట మాత్రం చెక్కుచెదరని ఉత్తరాంధ్ర యాస. జాదుగూడ ప్రస్తావన రాగా ఆయన అడిగిన ప్రశ్న ఇది: "మా బండి పట్టాలు తప్పితే ఎంక్వయిరీకి మా పెద్దాఫీసరు కూకోడు బాబూ. వేరే శాఖాయన వస్తాడు. చూసినోళ్ళు ఎవులైనా వచ్చి చెప్పొచ్చని పేపర్లో ఏస్తారు. నానూ ఒకపాలి ఎల్లి చెప్పినాను. మరి ఆ మన్ను తవ్వేకాడ ఏటైనా అయితే ఎవులొస్తారు?"

ఢిల్లీలో ఎన్నో గోష్ఠులలో, ఎందరో నిపుణుల మధ్య కూర్చున్న ఈ విలేఖరికి ఇంత సూటి ప్రశ్న ఎక్కడా ఎదురుకాలేదు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. రైలు ప్రమాదాలపై విచారణ జరిపే భద్రతా కమిషనర్లు రైల్వే శాఖ క్రింద పనిచేయరు. బండ్లు నడిపేవారే బండ్ల భద్రతపై తీర్పు చెప్పరాదన్న సూత్రాన్ని పురస్కరించుకొని, బ్రిటిషు వారి హయాంలోనే, 1941లో, రైల్వే తనిఖీ అధికారులను రైల్వే బోర్డునుంచి విడదీసి మరొక శాఖకు అప్పగించారు. నేడు ఆ కమిషన్ పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రింద ఉన్నది. రైళ్ళకూ విమానాలకూ పొత్తేమిటని నవ్వేవారున్నారు. పొత్తు లేకపోవడమే అందులోని విశేషం.

2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజనులోని బాహానగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగి మూడు వందలకు చేరువగా ప్రాణాలు పోయాయి. ఆ బండి మన వారు ఎక్కే బండి; ఆ దుఃఖం మన ఇళ్ళకూ వచ్చింది. భద్రతా కమిషనరు ఖరగ్‌పూర్‌లోనే కూర్చొని సాక్ష్యాలు తీసుకున్నారు. రెండు నెలలు తిరగకుండానే, సిగ్నలు సర్క్యూటులో అంతకుముందు చేసిన మార్పులలోనూ, గేటు పనుల సందర్భంలోనూ జరిగిన లోపాలే ప్రమాదానికి కారణమని ఆ నివేదిక తేల్చినట్లు మంత్రి పార్లమెంటుకు చెప్పవలసివచ్చింది. తన శాఖ తప్పును తన నోటితోనే ఒప్పుకొనక తప్పని స్థితిని మంత్రికి కల్పించినది ఆ వేరే శాఖ విచారణే.

రైల్వేలలో అంతా సవ్యంగా ఉన్నదని ఈ విలేఖరి అనడంలేదు. భద్రతా కమిషనర్లుగా వచ్చేవారు చాలావరకు రైల్వే అధికారులుగా పనిచేసినవారే. వారి సిఫార్సులు కొన్ని ఏళ్ళ తరబడి బీరువాలలో నిద్రించడం కద్దు. అలా నిద్రించకపోతే బాహానగా జరిగేదే కాదని అనేవారున్నారు. అయినా సూత్రం సూత్రమే. అడిగేవాడు వేరు, జవాబు చెప్పవలసినవాడు వేరు. ఆ సూత్రం అణుశాఖ గడప దాటి లోపలికి పోవడానికి ఎనభై ఏళ్ళు చాలలేదు.

అణుశక్తి నియంత్రణ మండలిని 1983లో ఏర్పాటు చేసినది అణుశాఖే. అది జవాబు చెప్పుకోవలసినది అణుశక్తి సంఘానికి. ఆ సంఘానికి అధ్యక్షుడు అణుశాఖ కార్యదర్శి. అణు విద్యుత్ సంస్థ, యురేనియం కార్పొరేషన్ కూడా ఆయన క్రిందివే. తనకు తానే సిగ్నలు ఇచ్చుకొని, తనకు తానే బండి నడుపుకొని, ప్రమాదం జరిగితే తనకు తానే విచారణాధికారి కావడం అంటే ఇదే. ఈ స్థితిని 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తన నివేదికలో తప్పుపట్టారు. మండలికి తగిన స్వాతంత్ర్యం లేదని, దేశానికి రేడియేషన్ భద్రతా విధానమే వ్రాయలేదని చెప్పారు. అంతకు ముందు సంవత్సరం, ఫుకుషిమా ప్రమాదం తరువాత, లోక్‌సభలో ప్రవేశపెట్టిన అణుభద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లు 2014లో సభతోపాటే కాలగర్భంలో కలిసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం నియంత్రణ మండలికి చట్టబద్ధ ప్రతిపత్తి కల్పించింది. సంతోషం. కాని ప్రతిపత్తి వేరు, స్వాతంత్ర్యం వేరు. అదే చట్టం అణువిద్యుత్ రంగం తలుపులు ప్రైవేటు కంపెనీలకు తెరిచిన దృష్ట్యా, తనిఖీ చేసేవాని వెన్నెముక మునుపటికన్న గట్టిగా ఉండవలసిన అవసరం ఏర్పడింది.

నిర్లక్ష్యం ఎక్కడో అడవులలోనే జరుగుతుందనుకోవడం కూడా భ్రమ. 2010 ఏప్రిల్‌లో దేశ రాజధానిలోని మాయాపురి తుక్కు బజారులో ఏమి జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్ళ తరబడి మూలపడి ఉన్న ఒక గామా కిరణ యంత్రాన్ని తుక్కు క్రింద వేలం వేశారు. అందులో కోబాల్టు 60 ఉన్నది. కొన్నవారు దానిని విడగొట్టారు. ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు ఆసుపత్రుల పాలైనారు. కంటికి కనిపించని, వాసన లేని, చేతికి వెచ్చగా కూడా తగలని అపాయం అది. విశ్వవిద్యాలయ ఆచార్యుల మధ్య ఉన్న వస్తువుకే ఆ గతి పడితే, జాదుగూడ గిరిజనుడు, వేముల మండల రైతు ఎవరిని చూచి ధైర్యం తెచ్చుకోవాలి?

ఈ సందర్భంలో చరిత్రలోని ఒక విచిత్రమైన కూడికను స్మరించకుండా ఉండలేము. 1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే కార్మికుల సమ్మె మొదలైంది. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. సమ్మె పదకొండవ రోజున, మే 18న, పోఖ్రాన్‌లో తొలి అణు విస్ఫోటనం జరిగింది. కార్మికుల అరెస్టుల వార్తలను వెనుకకు నెట్టి ఆ వార్త పత్రికల మొదటి పుటలను ఆక్రమించింది. మే 27న సమ్మె విరమణ అయింది. రెండూ ఒకే నెలలో రావడం కాకతాళీయమే కావచ్చు. ఆనాడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది వి.వి. గిరి, 1928లో ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించి గెలిపించిన మనిషి! ఇక ఫెర్నాండెజ్ 1998 మే నెలలో పోఖ్రాన్‌లో మళ్ళీ భూమి కంపించినప్పుడు రక్షణ మంత్రిగా ఉన్నారు. దేశ గౌరవం అనే మాట ముందు శ్రామికుని ప్రశ్న ఎంత త్వరగా చిన్నదైపోతుందో చెప్పడానికి ఈ కథ చాలు. జాదుగూడ ప్రశ్నను చిన్నది చేస్తున్నదీ ఆ మాటే.

అణుశాఖ వాదనలో బలం లేదని కాదు. దేశానికి విద్యుత్తు కావాలి. బొగ్గు పొగ వాతావరణాన్ని పాడుచేస్తున్నది. స్వదేశీ యురేనియం చాలక 2007, 2008 సంవత్సరాలలో మన రియాక్టర్లు సగం సామర్థ్యంతో కుంటుతూ నడిచిన మాట వాస్తవం. అమెరికా ఒప్పందం, 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం ఇచ్చిన మినహాయింపు తరువాతనే కజకస్తాన్, రష్యా, కెనడాలనుంచి ఇంధనం వచ్చింది. దిగుమతులపై ఆధారపడడం ఎప్పటికైనా ముప్పే. 2025 బడ్జెటులో కేంద్రం 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యంగా పెట్టుకున్నది. ఆ ప్రకటన నాటికి ఉన్నది సుమారు 8 వేల మెగావాట్లు, దేశ విద్యుదుత్పత్తిలో దాదాపు 3 శాతం. ఎనిమిది లక్షకు చేరాలంటే ఎంత యురేనియం కావాలో, దానికి ఎన్ని కొత్త గనులు, ఎన్ని బురద చెరువులు కావాలో ఊహించడం కష్టం కాదు. ఆ చెరువులు ఢిల్లీ లోధీ తోటలలో రావు. కడపలో వస్తాయి, సింగ్‌భూమ్‌లో వస్తాయి, మేఘాలయ కొండలలో వస్తాయి.

అటువంటప్పుడు ప్రజల నోరు మరింత తెరవనివ్వాలి. జరుగుతున్నది అందుకు విరుద్ధం. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు జారీచేసింది. రక్షణ శాఖ, అణుశక్తి శాఖ కోరిన మీదట ఈ మినహాయింపు ఇచ్చారు. తెలుగు పాఠకులకు ఈ ఉత్తర్వు అర్థం తెలియాలంటే 2003 ఆగస్టు నాటి నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు సభను గుర్తు చేసుకోవాలి. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున యురేనియం గని వద్దని గ్రామస్థులు, చెంచులు, హైదరాబాదు పౌరులు ఆ సభలో గొంతెత్తారు. గని రాలేదు. నల్లమలలో అన్వేషణ ప్రయత్నాలపై అలజడి లేచినప్పుడు తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. దీనికి భిన్నంగా తుమ్మలపల్లెలో 2006లో సభ జరిగింది, ప్రాజెక్టు వచ్చింది. సభ పెడితే గని ఆగిపోతుందని గాని, రాకతప్పదని గాని లేదు. సభ పెడితే ప్రభుత్వం చెప్పిన మాటలు రికార్డులోకి ఎక్కుతాయి. రేపు నీరు పాడైనప్పుడు రైతు చేతిలో ఉండే ఆయుధం ఆ రికార్డే. ఇప్పుడు దానినీ తీసివేశారు.

రహస్యం దేశరక్షణకు అవసరమన్నది పాత పాట. 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షను దశాబ్దాల తరబడి ఆ పాటకు శ్రుతి పెట్టెగా ఉపకరించింది. బాంబు నిర్మాణ వివరాలు రహస్యంగా ఉంచండి, ఎవరూ కాదనరు. కాని వేముల మండలంలో ఒక బోరు నీటిలో లీటరుకు ఎన్ని మైక్రోగ్రాముల యురేనియం ఉన్నదో తెలిస్తే ఏ శత్రువుకు లాభం? రాఖా మైన్స్ స్టేషనులో పీపాలు ఎత్తే హమాలీకి, అందులో ఏమున్నదో, చేతులు ఎలా కడుక్కోవాలో చెబితే ఏ సరిహద్దు బలహీనపడుతుంది?

ఖరగ్‌పూర్ పెద్దాయన పూర్వుల రణస్థలం మండలంలోనే కొవ్వాడ ఉన్నది. అక్కడ 1,208 మెగావాట్లవి 6 రియాక్టర్లు అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ పరిజ్ఞానంతో నిర్మించాలన్నది ప్రతిపాదన. అందుకోసం మత్స్యకారుల ఊళ్ళు కదలవలసి ఉంది. ఒకనాడు ఆకలి ఆ ఊళ్ళనుంచి మనుషులను బెంగాలు రైళ్ళెక్కించింది. మరొకనాడు అభివృద్ధి పేరుతో మిగిలినవారిని కదిలించడం జరిగితే, వారికి కనీసం ప్రశ్న అడిగే హక్కయినా మిగలాలి గదా!

కేంద్ర ప్రభుత్వం చేయవలసిన పనులు కొండంతవి కావు. నియంత్రణ మండలిని అణుశాఖ నీడనుంచి తప్పించి, రైల్వే భద్రతా కమిషన్ మాదిరిగా మరొక మంత్రిత్వశాఖకో, అంతకన్న మేలుగా నేరుగా పార్లమెంటుకో జవాబుదారీ చేయాలి. గని పరిసరాలలో నీరు, గాలి, ఆహారం కొలతలను నెలనెలా గ్రామ పంచాయతీ గోడలపై, తుమ్మలపల్లెలో తెలుగులో, జాదుగూడలో సంతాలీలో, హిందీలో వ్రాయించాలి. గనితో సంబంధంలేని వైద్య సంస్థలచేత ఆరోగ్య సర్వే జరిపించి, ఫలితం ఏదైనా సరే ప్రచురించాలి. 2025 సెప్టెంబరు ఉత్తర్వును ఉపసంహరించి ప్రజాభిప్రాయ సేకరణను పునరుద్ధరించాలి. ఆంధ్ర, తెలంగాణ పార్లమెంటు సభ్యులు పార్టీల తేడా లేకుండా అడగదగిన కోరికలివి. ప్రాజెక్టులు మాకు కావాలా, వద్దా అన్న విషయంలో వారికి భేదాభిప్రాయాలు ఉండవచ్చు. తాగే నీటి కొలత తెలుసుకోవడంలో భేదాభిప్రాయానికి తావులేదు.

అణుశాఖలో మహామేధావులున్నారు. కైగా కేంద్రంలోని ఒకటవ నంబరు రియాక్టరు 962 రోజులపాటు ఆగకుండా నడిచి, 2018 డిసెంబరు 31న ఆగిందంటే అది మన ఇంజనీర్ల ఘనతే. అంత ఘనత గలవారు బయటివాని ప్రశ్నకు భయపడనవసరం లేదు. ఖరగ్‌పూర్ పక్కన నింపురా యార్డులో పగలూ రాత్రీ బండ్లు మళ్ళించే సామాన్య రైల్వే ఉద్యోగికి, తన పనిపై రేపు మరొక శాఖవాడు వచ్చి విచారణ జరపవచ్చునని తెలుసు. అది తెలిసే అతడు ఎర్ర దీపం ముందు బండి ఆపుతాడు. జాదుగూడలోనూ, తుమ్మలపల్లెలోనూ ఆ ఎర్ర దీపం పట్టుకొని నిలబడే బయటి మనిషి ఎవరన్న ఖరగ్‌పూర్ పెద్దాయన ప్రశ్నకు పార్లమెంటు ఇంకా సమాధానం చెప్పవలసే ఉన్నది.